వెనకింటికి దారి ముందింట్లోంచే

నేను దర్జీని. కువైట్‌లో హవల్లీ అనే పేటలో, ఒక కుట్టుషాపులో అక్కడి మగవాళ్లు తొడుక్కునే పొడుగు చొక్కాలు కుట్టేవాణ్ణి. మెడ, భుజం, చెయ్యి, పొడవు, అన్నీ రెండేసిసార్లు కొలిస్తే గాని కత్తెర ముట్టుకునేవాణ్ణి కాదు. కొలత రాసుకోకుండా గుడ్డ కత్తిరించాడని ఒకసారి తోటి దర్జీని షాపులో అందరి ముందూ వాయించేశాను కూడా. అంతటి జాగ్రత్తపరుణ్ణి, ఆరేళ్లు కూడబెట్టుకున్నదంతా బయానా కింద ఇచ్చి, కళ్లతో చూడని ఇల్లు కొన్నాను. కొలవడం మాట దేవుడెరుగు. నేను చూసింది ఆరు ఫోటోలు.

ఇల్లు అమ్మినవాడు ఎక్కడో లేడు. నా పక్క మంచం మీదే పడుకునేవాడు. కడప వైపు వాళ్లం ఎనిమిది మందిమి ఒకే ఫ్లాటులో ఉండేవాళ్లం. అతనికీ నాకూ చుట్టరికం లేదు గాని, ఇద్దరిదీ ఒకే తాలూకా కావడంతో బావా అంటే బావా అని పిలుచుకునేవాళ్లం. అతను ఇళ్లకు రంగులు వేసే పెయింటరు. అంతకు ముందు ఏడాది సెలవుకి వెళ్లినప్పుడు తన ఇంటికి తనే లేత నీలం రంగు కొట్టి, గుమ్మాలకు పసుపు పట్టీ తీసి, ఫోటోలు తీయించుకుని వచ్చాడు. ఆ నీలం చూడగానే నేను పడిపోయాను.

ఆరు ఫోటోల్లోనూ ఒక పక్కగా ఒకావిడ బిందె పట్టుకుని ఉంది. హాల్లో ఉంది, గుమ్మం దగ్గర ఉంది, వెనక తలుపు దగ్గర వీపు మాత్రం కనిపిస్తోంది. ఎవరని అడిగితే "మా వదిన" అన్నాడు. మరిది ఇల్లు అమ్ముకుంటుంటే ఓపిగ్గా ప్రతి ఫోటోలోనూ నిలబడింది, ఎంత మంచి మనిషో అనుకున్నాను. భోజనం ముందు పెట్టుకుని, ఒప్పందం కాగితం ఎడమచేత్తో పట్టుకుని చూసి, చెయ్యి కడుక్కున్నాక సంతకం చేశాను. చదివానా అంటే, పైనా కిందా చదివాను. మధ్యలో చాలా రాసి ఉంది.

ఇక్కడ మా క్యాసెట్ల సంగతి చెప్పాలి. మా ఆడవాళ్లలో చాలామందికి రాయడం రాదు. వచ్చినా ఉత్తరంలో ఎంతని రాస్తారు? అందుకని టేపురికార్డరు ముందు కూర్చుని మాట్లాడి, సెలవు ముగించుకుని వచ్చేవాళ్ల చేత పచ్చడి జాడీతో పాటు క్యాసెట్టు పంపేవాళ్లు. ఫ్లాటు మొత్తానికీ ఒకటే టేపురికార్డరు. శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎవరి క్యాసెట్టు వస్తే అది అందరం కలిసి వినేవాళ్లం. ఎవరింట్లో ఏం జరిగినా ఎనిమిది మందిదీ. మొగుడూ పెళ్లాల మాటలు మాత్రం రెండోవైపు చివర్లో ఉంటాయి. టేపు అక్కడికి వచ్చేసరికి, మాలో పెద్దవాడైన ఒక వంటమనిషి, మేమంతా చిన్నాయనా అని పిలిచేవాళ్లం, లేచి "రాండప్పా, గాలికి నిలబడదాం" అని మిగతావాళ్లందర్నీ బాల్కనీలోకి తోలుకుపోయేవాడు. ఆ మర్యాద ఎవరూ తప్పలేదు.

నా భార్యను ఇల్లు చూసి రమ్మని అంతకు ముందు కబురు పెట్టాను. చూసి రావడమంటే నా ఉద్దేశంలో చూసి మెచ్చుకోవడం. క్యాసెట్టు వచ్చింది. ఒక్కణ్ణీ వింటే పోయేది. అలా కాకుండా ఫ్లాటులో అందర్నీ కూర్చోబెట్టి, ఇల్లు అమ్మిన బావని అందరికంటే ముందు కూర్చోబెట్టి, "మా ఆడమనిషి ఇంటి గురించి చెప్తాది, వినండి" అని సభ పెట్టి మీట నొక్కాను.

"ఇదో, మాట్లాడచ్చా? నేను బాగుండా. పాప బాగుండాది. నువ్వు చెప్పినావని ఇల్లు చూసొచ్చినా. రంగు బాగా కొట్టినారు" అంది. నేను బావ వైపు చూసి తల ఊపాను. బావ సిగ్గుపడ్డాడు.

"హాల్లో గంటసేపు కూచున్న్యా. బిందె పట్టుకోని ఒకామె అట్ల పోయింది. బడి నుంచి పిల్లోళ్లు ముగ్గురొచ్చి ఇట్ల పోయినారు. ఒక ముసలాయన దగ్గుకుంటా పోయినాడు. ఆమైన ఎనుమొచ్చింది. ఔ, ఎనుమే. వీధి తలుపులో నుంచి వచ్చి, హాల్లో నన్ను చూసి నిలబడి, పేడేసి, వెనక తలుపులో నుంచి పోయింది. వీళ్లంతా ఎవరమ్మా అంటే వెనకింటోళ్లంట. అన్నదమ్ములు పంచుకున్న్యప్పుడు ముందిల్లు తమ్మునికి, వెనకిల్లు అన్నకు. వెనకింటికి దావ ముందింట్లో నుంచే అని కాయితంలో రాసుకున్నారంట. ఎవురు కొన్న్యా ఆ దావ ఉంటాదంట. నీ కాయితంలో కూడా ఉందంట. నువ్వు చదవలేదా?"

ఎనిమిది మందిలో ఒకడు కిసుక్కుమన్నాడు. చిన్నాయన వాడి వైపు చూశాడు. టేపు తిరుగుతూనే ఉంది.

"మా యన్నోళ్ల వసారాలో ఆరేండ్లుగా పండుకుంటాండా. లోపలికి పొయ్యేటోళ్లు, బయటికి వచ్చేటోళ్లు నన్ను దాటుకోనే పోతారు. నీకెన్నడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్తాండా. రంగు లేకున్న్యా పర్లేదు. మిద్దె కాకున్న్యా పర్లేదు. నడిచే దావలో మటుకు నేనింగ పండుకోను."

ఇది రెండోవైపు చివర ఉండాల్సిన మాట. ఆవిడ మొదటివైపు మొదట్లోనే చెప్పేసింది. చిన్నాయనకు ఎప్పుడు లేవాలో తెలియలేదు. చివరికి తనే మీట నొక్కి టేపు ఆపాడు. బావ గోళ్లలో ఇరుక్కున్న ఎండిన రంగు గీక్కుంటూ కూర్చున్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో అర్థం కాలేదు. ఆరేళ్లుగా నా భార్య వసారాలో ఉందని నాకు తెలుసు. మాకు సొంత గూడు లేదు కాబట్టి వాళ్లన్న ఇచ్చిన చోటు అది. వసారా అంటే గాలి వస్తుందిలే అనుకునేవాణ్ణి.

వచ్చే శుక్రవారం పంచాయితీ అన్నాడు చిన్నాయన. ఈలోగా ఇద్దరూ ఆలోచించుకోండి అన్నాడు. నాకు ఆలోచించేందుకు ఏమీ లేదు. ఇల్లు వద్దు, బయానా వెనక్కి కావాలి. ఆ మాట ఎలా అనాలో పడుకునే ముందు రోజూ లోలోపల అనుకుని చూసేవాణ్ణి, పక్క మంచం మీద బావ గుర్రు పెడుతుండగా.

సరిగ్గా పంచాయితీకి ముందురోజు, గురువారం తెల్లవారుజామున ఇరాక్ సైన్యం వచ్చింది. ఉరుములనుకున్నాం. ఆగస్టులో కువైట్‌లో ఉరుములేమిటని ఒక్కడికీ తోచలేదు. షాపు తెరవలేదు. షాపు యజమాని ఊళ్లో లేడన్నారు. ఫోన్లు లేవు. సాయంత్రానికి మాకు అర్థమైంది ఒక్కటే, ఏమీ అర్థం కాలేదని.

మర్నాడు శుక్రవారం. ఎవరికీ ఏం చెయ్యాలో తెలియదు కాబట్టి, ముందే అనుకున్న పని ఒక్కటుంది కాబట్టి, పంచాయితీ పెట్టాం. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. దేశానికి దేశం మునిగిపోయింది, మేము కడప జిల్లాలో ఒక హాల్లోంచి గేదె నడవొచ్చా లేదా అని వాదించుకుంటున్నాం. కిటికీ దగ్గర నిలబడ్డవాడు "ట్యాంకులు వస్తాండాయి చిన్నాయనా" అన్నాడు. "ఉండప్పా, ముందు ఇది తేలనీ" అన్నాడు చిన్నాయన, రేడియో చెవి దగ్గర పెట్టుకునే.

"దావ సంగతి ముందే ఎందుకు చెప్పలేదు బావా?" అన్నాను.

"కాయితంలో ఉండాది గదా" అన్నాడు. తర్వాత తలొంచుకుని, "నువ్విచ్చిన బయానా మా యన్నకు పంపిస్తి. పక్కన గోడ కొట్టి వేరే దావ పెట్టుకోమంటి. తీసుకున్న్యాడు. నడుస్తానే ఉండాడు" అన్నాడు.

చిన్నాయన రేడియో పక్కన పెట్టి, తప్పు ఇద్దరిదీ అనీ, చెప్పనివాడి తప్పు పెద్దదనీ, కొన్నవాడు వద్దంటే వద్దన్నట్టే అనీ చెప్పబోతుండగా కింద వీధిలో కాల్పులు మొదలయ్యాయి. అందరం నేల మీద పడుకున్నాం. తీర్పు అక్కడే ఆగిపోయింది. మళ్లీ పెట్టమని అడగడానికి నాకు మొహం చెల్లలేదు. ఊరంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉంటే నా బయానా నాకిమ్మని ఎలా అడుగుతాను? అడగకపోవడం మంచితనమని అప్పట్లో అనుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను, అది పిరికితనం.

మా పక్క ఫ్లాటులో విజయవాడ నుంచి వచ్చిన ఒక ఇంజనీరు గారు, భార్య, ఇద్దరు ఆడపిల్లలు, అత్తగారు ఉండేవాళ్లు. వాళ్ల తలుపు పెద్ద మెట్ల వైపు. మా వంటింట్లోంచి వెనకవైపు ఇనుప మెట్లు ఉండేవి. వాళ్ల బాల్కనీకీ మా గది బాల్కనీకీ మధ్య నడుం ఎత్తు గోడ. సైనికులు పెద్ద మెట్లెక్కి వస్తే, ఆ గోడ దాటి మా గదిలోంచి వెనక మెట్ల మీదుగా దిగిపోతామని, కాదనవద్దని ఇంజనీరు గారు వచ్చి అడిగారు. ఆడపిల్లలున్న ఇల్లు. చిన్నాయన ఆయన్ని మాట పూర్తి చేయనివ్వకుండానే సరేనన్నాడు. నేనూ సరేనన్నాను.

బాల్కనీ తలుపుకి ఆనుకుని ఉన్న మంచం నాది. గాలి వస్తుందని పోట్లాడి మరీ సంపాదించుకున్న చోటు.

సైనికులు మా అంతస్తుకి వచ్చింది ఒక్కసారే. పిల్లల్ని ఎత్తుకుని వాళ్లు నా మంచం పక్కనుంచి పరుగెత్తిన ఆ రోజు గురించి నేను వేళాకోళం ఆడను. కానీ దారంటూ పడ్డాక దారి ఊరుకోదు. ముందు భయానికి వచ్చారు. తర్వాత మా వైపు కుళాయిలో నీళ్లు వస్తున్నాయని వచ్చారు. ఆ తర్వాత రొట్టెల దుకాణం వెనక సందులో ఉంది, ఇటు నుంచైతే దగ్గరని వచ్చారు. చివరికి పిల్లలకు తోచడం లేదని వచ్చారు. అత్తగారు మాత్రం ప్రతిసారీ "ఏమనుకోకు నాయనా, లేపేశాను" అనేవారు. ఆవిడ అలా అనడానికి ఆగినప్పుడే నాకు మెలకువ వచ్చేది. కాళ్లు ముడుచుకునేవాణ్ణి. దుప్పటి సరిచేసుకునేవాణ్ణి. నవ్వేవాణ్ణి. పని లేదు కాబట్టి మధ్యాహ్నం కునుకు తప్ప మాకు వేరే సుఖం లేదు, ఆ కునుకు ఒక్క రోజు కూడా పూర్తిగా పడలేదు.

ఒక మధ్యాహ్నం ఆవిడ నీళ్ల బిందెతో నా కాళ్లు దాటుతుంటే కాసిని నీళ్లు నా మొహం మీద పడ్డాయి. ఆవిడ నొచ్చుకుని కొంగుతో తుడవబోయింది. పక్క మంచం మీంచి బావ మెల్లగా, "మా వదినే నయం గదా బావా?" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. నాకు ఏడుపు వచ్చింది. ఇరవై రోజులకే నాకిలా ఉంటే, పెళ్లయిన ఆడది, చంటిపిల్లతో, వయసులో ఉన్న ఆడది, ఆరేళ్లు ఎలా పడుకుంది? బట్ట తొలగకుండా, ఒక్కసారి కూడా పూర్తిగా నిద్ర పట్టకుండా, కాళ్లు ముడుచుకుని నవ్వుతూ. నన్ను దాటినవాళ్లు కనీసం ఏమనుకోకు నాయనా అన్నారు. నా భార్యతో ఎవరైనా ఆ మాట అన్నారో లేదో.

ఆ రోజే నిశ్చయించుకున్నాను. బతికి ఊరు చేరితే ముందు చేసే పని ఆ ఇల్లు వదులుకోవడం. ఇంత గట్టిగా నిశ్చయించుకున్నవాణ్ణి ఏం చేశానో చెబుతాను.

షాపు గుమాస్తా ఎలాగో నా పాస్‌పోర్టు తెచ్చిచ్చాడు, మిగతావాళ్లూ ఎవరిది వాళ్లు సంపాదించుకున్నారు. ఎనిమిది మందిమీ ఒక బస్సులో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు చేరాం. ఎడారిలో గుడారాలు, నీళ్ల ట్యాంకరు కోసం వరుస. ఆ వరుసలో బావ నా ముందు నిలబడి వెనక్కి తిరిగి అన్నాడు: "బావా, మళ్ల కోయిటుకు పోతామో పోమో. నీ బయానా ఇచ్చేదానికి నాకాడ లేదు. ఇల్లు ముప్పావుకు తీసుకో."

వద్దు అనడానికి నోరు తెరిచాను. నోట్లోంచి వచ్చింది, "ముప్పావా?" అని.

ఆరేళ్లు షాపులో గిరాకీలు నాతో బేరమాడారు గాని, నేను ఎవరితోనూ ఆడి నెగ్గలేదు. ఇప్పుడు ఒక మనిషి నా ఎదుట దిగుతున్నాడు. అతను ముప్పావు నుంచి కిందికి రాగానే నాకు ఎండ తెలియడం మానేసింది. గోడలు పాతవన్నాను. గేదె పేడ అన్నాను. వెనకింటి ముసలాయన దగ్గు కూడా లెక్కలోకి తెచ్చాను. వరుసలో ఉన్నవాళ్లంతా మా చుట్టూ మూగి నా పక్షం కొందరు, అతని పక్షం కొందరు అయ్యారు. చివరికి సగానికి దిగాడు. చిన్నాయన ఇద్దరి చేతులూ కలిపి "ఖలాస్" అన్నాడు. మిగతాది మెల్లగా ఇచ్చుకోమన్నాడు. ఈ హడావుడిలో మా వంతు దాటిపోయింది. ఆ పూట మా ఇద్దరికీ నీళ్లు దొరకలేదు. నేను మాత్రం దాహం కూడా తెలియనంత గర్వంగా ఉన్నాను. బొంబాయి దాకా విమానంలో, కడప దాకా రైల్లో, నా భార్యకు ఈ మాట ఎలా చెప్పాలా అని వరస పేర్చుకుంటూనే ఉన్నాను.

ఆవిడ నన్ను చూసి ముందు ఏడ్చింది. నా మొహం, చేతులు తడిమి చూసింది. వసారాలో చాప వేసి అన్నం పెట్టింది. రెండు ముద్దలు తిని మొదలుపెట్టాను. "ఆ ఇల్లుంది చూడు" అనేసరికి వాళ్ల వదిన లోపలి నుంచి చేటతో వచ్చి మా మధ్యలోంచి బయటికి వెళ్లింది. ఆగాను. "మనం ముందు అనుకున్న రేటుకి" అన్నాను. వాళ్లన్న చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వెళ్లాడు. నా భార్య కంచం పక్కకి లాగి దారిచ్చింది. "సగానికి మాట్లాడినా" అన్నాను. ఎవరో నీళ్ల చెంబుతో వచ్చారు. ఆవిడ కాళ్లు ముడుచుకుంది. ఆ ముడుచుకోవడం నేను ఎరిగినదే. అయినా నా నోరు ఆగలేదు, ఎడారిలో ఎంత గొప్పగా బేరమాడానో చెబుతూనే ఉంది.

అంతా విని ఆవిడ, "దావ మూసినారా?" అంది.

"మూయలేదు గాని, సగానికి..."

"సగానికిస్తే సగం మందే నడుస్తారా?"

అన్నం ముద్ద చేతిలో పట్టుకుని కూర్చున్నాను. యుద్ధంలోంచి బతికొచ్చిన మొగుణ్ణి ఆవిడ అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఇంకా కొంచెం పులుసు వడ్డించింది.

మర్నాడు పొద్దున్నే బావ ఇంటికి వెళ్లాను. ఆ హాల్లో మొదటిసారి కూర్చున్నాను. నీలం రంగు నిజంగానే బాగుంది. పది నిమిషాల్లో వదినగారు రెండుసార్లు పోయారు, ఫోటోల్లో కంటే చిక్కిపోయి ఉన్నారు, నన్ను చూసి బాగున్నావా నాయనా అని పలకరించారు కూడా. గేదె వచ్చినప్పుడు నేనే లేచి పక్కకి నిలబడ్డాను.

"బావా, నాకొద్దు" అన్నాను. ఆరేళ్ల సంపాదన ఆ రెండు ముక్కల్లో పోతుందని తెలుసు. "సగానికైనా వద్దు. ఊరికే ఇచ్చినా వద్దు."

అతను బతిమాలతాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. గేదె వెళ్లిన వైపే చూస్తూ, "నాకూ వద్దనే గదా బావా అమ్ముతాండేది" అన్నాడు. పెట్టెలోంచి ఒప్పందం కాగితం తీసి నా చేతిలోనే పెట్టాడు. చింపే ముందు మొదటిసారి మొత్తం చదివాను. దారి సంగతి మధ్యలో ఉంది, ఎవరైనా చదవగలిగేంత స్పష్టంగా.

బయానాలో కొంత అతను చాలా ఏళ్లకు ఇచ్చాడు. కొంత ఇవ్వలేదు. కడపలో మేము రెండు గదుల కొంప అద్దెకు తీసుకున్నామని తెలిసి, ఎవరూ పిలవకుండానే బ్రష్షులు తీసుకుని వచ్చి రెండు రోజులు సున్నం కొట్టి పోయాడు.

ఆ కొంపకి ఒకటే తలుపు. వెనక ఏమీ లేదు, వేరేవాళ్ల గోడ. చేరిన రోజు నేను కుట్టుమిషను దించుతున్నాను. మా పాప పక్కింటి పిల్లలతో అప్పుడే కలిసిపోయింది. నా భార్య చీపురు పట్టుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. గడియ పెట్టిన చప్పుడు వినిపించింది.

తలుపు కొట్టాను. "ఏమే, నేను బయటుండా" అన్నాను.

"తెలుసు. కొంచేపు ఉండు" అంది లోపలి నుంచి.

మిషను పక్కన మెట్టు మీద కూర్చున్నాను. ఎండ ఎక్కుతోంది. వీధిలో పోయేవాళ్లు నన్నూ నా సామాన్లనూ చూసి, ఇంట్లోకి రానివ్వలేదా అని నవ్వుతూ పోతున్నారు. నేనూ నవ్వాను. ఊడుస్తున్న చప్పుడు వస్తుందేమోనని చెవి పెట్టి విన్నాను. రాలేదు. ఏ చప్పుడూ రాలేదు. మళ్లీ తలుపు కొట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.